ఇంకో పక్క ఉందా?

ఆ ఎండాకాలం మా నాన్న బాకా మామకి సగం గడ్డం గీసి, మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పి దులిపి, "అయిపోయింది, లేవండి" అన్నాడు.

బాకా మామ నాకు మీసం రాకముందు నుంచీ మా షాపుకి వస్తున్నవాడు. బ్యాండులో బాకా ఊదుతాడు. కుర్చీలో తల వాల్చగానే నిద్రపోతాడు. గొంతు మీద కత్తి ఆడుతుంటే గుర్రుపెట్టగలిగిన మనిషిని ఆయన్ని తప్ప నేను ఇంకొకర్ని చూడలేదు. ఆ రోజూ అలాగే లేచి, కళ్ళు నులుముకుని అద్దంలోకి చూసుకున్నాడు. కుడి చెంప నున్నగా మెరుస్తోంది. ఎడమ చెంప మీద పెరిగిన గడ్డం పెరిగినట్టే ఉంది, సబ్బు కూడా తగల్లేదు. మీసం కుడి సగం కత్తిరించి దువ్వి ఉంది, ఎడమ సగం పొదలా వేలాడుతోంది. ముక్కు కింద గీత గీసి ఇక్కడితో ఆపమని ఎవరో చెప్పినట్టు పని అక్కడ ఆగిపోయింది.

బాకా మామ నవ్వాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మా నాన్న హాస్యమాడగా పుట్టి బుద్ధెరిగాక చూసినవాణ్ణి కాను, ఇన్నాళ్ళకి ఆ ముచ్చటా తీరిందనుకున్నాను. ఆయన మాత్రం నవ్వలేదు. అద్దంలో బాకా మామ మొహాన్ని పరీక్షగా చూసి, కుడి మీసం మీద అతుక్కున్న ఒక్క వెంట్రుకని వేలితో తీసేసి, "ఏం, బాగా రాలేదా?" అని అడిగాడు.

ఆ గొంతు విని నవ్వు ఆపేశాను. కిందకి చూశాను. ఆయన కుడి కాలికి చెప్పు ఉంది. ఎడమ కాలు ఉత్తదే, నేల మీద రాలిన జుట్టులో నిలబడి ఉంది.

బాకా మామ ఆ సగం మొహంతోనే వీధిలోకి పరిగెత్తి ఆటో పిలుచుకొచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. మెదడులో కుడివైపు ఒక రక్తనాళం మూసుకుపోయింది. ప్రాణానికి భయం లేదు. ఎడమ చెయ్యీ కాలూ కాస్త బలహీనపడ్డాయి, అవి చాలావరకు తిరిగొస్తాయి. కళ్ళు రెండూ నిక్షేపంలా ఉన్నాయి, చూపు లోపలి దాకా వెళ్తూనే ఉంది. కానీ ఎడమ పక్క మీదికి మాత్రం ఆయన ధ్యాస పోవడం లేదు. ఎప్పటికి పోతుందో, ఎంతవరకు పోతుందో తను చెప్పలేనన్నాడు.

ఏ తెలివితక్కువవాడైనా అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. సగం నల్లగా కనిపిస్తుంటే మా నాన్నకి తెలియదా అని.

"మీ తల వెనక ఇప్పుడు ఏముంది?" అన్నాడు డాక్టరు.

"గోడ."

"అది గుర్తుంచుకుని చెప్పారు. కనిపిస్తోందా?"

"లేదు."

"మరి అక్కడ నల్లగా ఉందా?"

నేను ఆలోచించాను. నా తల వెనక నలుపు లేదు, చీకటి లేదు, ఖాళీ కూడా లేదు. అక్కడ ఏదో తక్కువైందని ఇన్నేళ్ళ బతుకులో ఒక్కసారీ అనిపించలేదు.

"మీ నాన్నగారికి ఎడమ పక్క అలాంటిది. చీకటి కాదు. లేదు, అంతే."

ఆ గదిలోంచి బయటికొచ్చి వరండాలో చాలాసేపు నిలబడ్డాను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం ఆశ్చర్యం. గోరంత దారి మూసుకుపోతే సగం లోకం మాయమవుతుంది, మాయమైన చోట చిల్లయినా మిగలదు. మిగిలిన సగాన్నే మొత్తమని చూపించి మెదడు మనిషిని ఊరుకోబెడుతుంది. నేను చూస్తున్న ఈ లోకం మాత్రం మొత్తమేనని నాకెవరు చెప్పారు? ఆ ఆలోచన వచ్చిన దగ్గర్నుంచి కొన్నాళ్ళపాటు వీధిలో నడుస్తూ ఊరికే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి.

ఇంటికి తెచ్చుకున్నాక ఆ సగం ఎంత కచ్చితమైనదో తెలిసింది. కంచంలో కుడి సగం తుడిచినట్టు తినేసి, ఎడమ సగం అన్నం అలాగే ఉంచి, "ఇంతేనా వడ్డించావు?" అని అమ్మని అడిగేవాడు. చొక్కాకి ఒక్క చెయ్యే తొడుక్కునేవాడు. పేపర్లో వార్తలు సగం నుంచి చదివి, ఈ రాసేవాళ్ళకి తలా తోకా లేకుండా పోయిందని తిట్టేవాడు.

అమ్మకి మొదట్లో ఇదేదీ నమ్మబుద్ధి కాలేదు. సాయంత్రాలు వాకిట్లో ఆయనకి ఎడమ పక్క స్టూలు వేసుకుని కూర్చోవడం ఆవిడకి పెళ్ళయిన కొత్తలో పడిన అలవాటు. ఇప్పుడు ఆవిడ అక్కణ్ణుంచి పిలిస్తే ఆయన కుడి పక్కకి తిరిగి వెతికేవాడు. ఆవిడ కనపడక, లోపల ఉందేమోనని వంటింటి వైపు కేకేసేవాడు. అలిగాడేమోనని అమ్మ రెండు మూడు రోజులు తనూ అలిగింది. ఆ తర్వాత ఒక సాయంత్రం లేచి, స్టూలు తీసుకెళ్ళి కుడి పక్కన వేసుకుంది. "ఎక్కడికి పోయావు ఇంతసేపూ?" అన్నాడాయన. ఆసుపత్రిలో కూడా కన్నీళ్ళు పెట్టని మనిషి, ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది.

ఇక మా ఆవిడ సంగతి. ఆ ఏడాది ఆవిడ టీచర్ ట్రైనింగ్ పరీక్షకి చదువుతోంది. అందులో మనస్తత్వశాస్త్రం ఒక పేపరు. ఇటుకంత పుస్తకం కొనుక్కొచ్చి, అందులో చదివిందల్లా మా పాప మీద ప్రయోగించేది. పాప అప్పుడప్పుడే పాకుతోంది. గుండ్రంగా ఉంటుందని దాన్ని అందరం గుమ్మడీ అని పిలిచేవాళ్ళం. ఒకరోజు మా ఆవిడ పాప ఆడుకుంటున్న గరిటెని లాక్కుని, దాని కళ్ళముందే తువ్వాలు కింద పెట్టింది. నేను ఏడుపు మొదలవుతుందని చెవులు మూసుకోబోయాను. గుమ్మడి ఏడవలేదు. తువ్వాలు వైపు చెయ్యి చాపలేదు. గరిటె ఉన్న చోటు నుంచి కళ్ళు తిప్పుకుని, తన కాలి బొటనవేలు పట్టుకుని ఆడుకోవడం మొదలుపెట్టింది.

"చూశారా? దాని లెక్కలో గరిటె పోలేదు. అసలు లేదు" అంది మా ఆవిడ. కనపడనిది కూడా ఉంటుందని పిల్లలు పుట్టుకతో తెలుసుకుని రారట, రోజులు గడిచే కొద్దీ నేర్చుకుంటారట. కాదు, ముందే తెలుసు, చెయ్యి చాపడమే తెలియదని వాదించేవాళ్ళూ ఉన్నారట. పరీక్షలో ఏది రాయాలో అని ఆవిడ దిగులు ఆవిడది.

అదే చాప మీద, పాపకి ఎదురుగా, మా నాన్న కూర్చుని ఉన్నాడు. సగం దువ్విన తలతో మనవరాలిని చూసి నవ్వుతున్నాడు. నేను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాను. గోడ అవతల వీధి ఉంటుంది, సాయంత్రం షాపు మూసినా లోపల కుర్చీలు ఉంటాయి, నేను నిద్రపోయినా అమ్మ ఉంటుంది. ఇవన్నీ నేనూ ఒకప్పుడు ఇలా నేల మీద కూర్చుని ఒక్కొక్కటిగా నేర్చుకున్నవేనన్నమాట. నేర్చుకున్న గుర్తు కూడా లేకుండా నేర్చుకున్నాను.

ఎండలు ముదిరే సరికి ఆయన చేతిలోకి, కాల్లోకి బలం వచ్చింది. దాంతో అసలు గొడవ మొదలైంది. షాపుకి వస్తానన్నాడు.

మా షాపు గురించి ఒక్క మాట చెప్పాలి. సన్నటి గది, ఎదురుగా గోడ నిండా అద్దం, అద్దం ముందు రెండు కుర్చీలు. కుడి పక్కది నాన్నది, ఎడమ పక్కది నాది. కత్తి పట్టడం నాకు నేర్పింది ఆయనే. ఊదిన బుడగకి నురగ పూసి చేతికిచ్చి, అది పేలకుండా గీకడం వచ్చేదాకా మనిషి గడ్డం ముట్టుకోనివ్వలేదు. ఎంతమంది నా కుర్చీలో కూర్చుని లేచినా, బాగా చేశావని ఆయన నోటివెంట ఒక్కసారీ రాలేదు. బాగా చెయ్యకపోతే మాత్రం వీధి చివరికి వినపడేది.

ఇప్పుడు ఆ మనిషి చేతికి కత్తి ఎలా ఇవ్వను? ఇవ్వకపోతే ఆయన ఏమైపోతాడు? ఆయనకి వేరే ఊసు లేదు, వేరే సరదా లేదు. ఆ కుర్చీ వెనక నిలబడటం మాన్పిస్తే మా నాన్న అనే మనిషి ఎంత మిగులుతాడో మాకెవరికీ తెలియదు. ఆయన కత్తులన్నీ తీసుకెళ్ళి ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాను.

చెప్పి చూశాం. కంచం చూపించాం, చొక్కా చూపించాం. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, చిన్న అక్షరాల దాకా చదివేసి వచ్చి, "ఇప్పుడేమంటావు?" అన్నాడు. బాకా మామ సంగతి ఎత్తితే, ఆ రోజు ఒంట్లో బాగోలేక తొందరగా ఆపేశానన్నాడు. కంచంలో అన్నం మిగిలింది కదా నాన్నా అంటే, నేను తిన్నాక మీ అమ్మ మళ్ళీ వడ్డించి ఉంటుందన్నాడు. ప్రతిదానికీ ఒక జవాబు ఉంది. అబద్ధమాడటం లేదు, ఆ జవాబులన్నీ ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం షాపులో అందరి ముందూ అనేశాడు.

"నా కుర్చీ దగ్గర నువ్వు నిలబడాలనుంటే సూటిగా అడగరా. దానికోసం నాకు లేని గుడ్డితనం అంటగట్టకు."

నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. అయినా ఆ మాటకి నాకు కోపం రాలేదు. చేతిలో ఉన్న తల మీద దువ్వెన పెట్టి అలాగే నిలబడిపోయాను. ఆయన విసురుగా లేచి వెళ్తూ గుమ్మానికి ఎడమ భుజం గుద్దుకుని, అక్కడ గుమ్మం పెట్టినవాణ్ణి తిట్టుకుంటూ వీధిలోకి దిగాడు.

ఆ తర్వాత మాకు మాటల్లేవు. అమ్మ ఇటు చెప్పింది అటూ, అటు చెప్పింది ఇటూ మోసుకొచ్చేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు భోజనానికి ఇంటికి వచ్చాను. నాన్న వాకిట్లో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి కుడి పక్క మా ఆవిడ, ఒళ్ళో పాపని వేసుకుని ఉంది. నన్ను చూసి మాట్లాడొద్దని వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఆవిడేదో ప్రయోగంలో ఉందని అర్థమైంది. నేను చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, ఆయనకి ఎడమ పక్క మెట్టు మీద కూర్చున్నాను. ఆయన చెయ్యి చాపితే నా తల తగిలేంత దగ్గర.

"మామయ్యా, కళ్ళు మూసుకోండి. మీరు షాపు గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తున్నారనుకోండి. ఏమేం ఉన్నాయో చెప్పండి. నేనెప్పుడూ సరిగా చూసిందే లేదు" అంది.

షాపు పేరు ఎత్తగానే ఆయన మొహం విప్పారింది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. కుడి గోడకి తువ్వాళ్ళు తగిలించే కొక్కేలు. వాటి కింద రేడియో, దాని మూత పోయి దారంతో కట్టి ఉంటుంది. ఎదురుగా అద్దం. అద్దం ముందు తన కుర్చీ, నల్ల తోలుది, కుడి చేతి దగ్గర తోలు కాస్త చిరిగింది. కుర్చీ పక్కన కత్తి నూరే పటకా. పటిక రాయి పెట్టుకునే పింగాణీ గిన్నె, దాని అంచు విరిగి చాలా కాలమైంది.

"అంతేనా మామయ్యా?"

"అంతేనమ్మా. చిన్న షాపు."

నా కుర్చీ లేదు. బెంచీ లేదు. చేతులు కడిగే తొట్టి లేదు. రోజూ పొద్దున్నే తాళం తీసి నేను నిలబడే చోటు ఆయన షాపులో లేదు. ఎడమ పక్కవి కళ్ళకి ఆనకపోవడం ఇన్నాళ్ళూ చూస్తున్నదే. ఇప్పుడాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"సరే, ఇప్పుడు లోపలికి వెళ్ళిపోండి. అద్దానికి వీపు ఆనించి, వీధి వైపు తిరిగి నిలబడండి. ఇప్పుడు చెప్పండి."

ఆయన మూసిన కళ్ళతోనే ఒక్క క్షణం ఆగాడు. నిజంగానే నడిచి వెళ్ళి తిరిగి నిలబడుతున్నట్టుంది.

"కుడి పక్క కొళాయి, తొట్టి. ఆ కొళాయి కారుతుంది, బాగు చేయించరా అని మావాడికి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. బెంచీ. దానికి ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టాం. ఇటు పక్కన మావాడి కుర్చీ."

అక్కడ ఆగి, తనలో తను నవ్వుకున్నాడు.

"పొడుగువాడు కదా, కుర్చీ ఎప్పుడూ ఎత్తులో పెట్టుకుంటాడు. ఒక మాట చెప్పనా అమ్మా? వాడి చెయ్యి నా చెయ్యి కంటే తేలిక. కత్తి ఆడుతుంటే చప్పుడే రాదు. నేను ఇన్నేళ్ళు చేసినా నాకు రాలేదది. వాడితో అనకు. పొగిడితే చెయ్యి బరువెక్కుతుంది."

మా ఆవిడ తలెత్తి నా వైపు చూడలేదు, పాప జుట్టు సర్దుతూ కూర్చుంది. నేను ఏడ్చాను. ఆయన కళ్ళు తెరిచినా నన్ను చూడలేడు కాబట్టి కళ్ళు తుడుచుకోవలసిన పని కూడా లేకపోయింది. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాకు ఆ రోజే తెలిసింది.

ఏడుస్తూనే ఇంకో సంగతికి ఆశ్చర్యపోతున్నాను. ఏదీ పోలేదు. కొళాయి కారడం పోలేదు, బెంచీ కింద అట్టముక్క పోలేదు. అన్నీ ఆయన లోపల ఎక్కడివక్కడ భద్రంగా ఉన్నాయి. ఇటు తిరిగి నిలబడితే ఒక సగానికి దారి ఉంది, అటు తిరిగితే రెండో సగానికి. ఒక మనిషి తలలో మా షాపంత షాపు ఉండటం, అందులో ఆయన తిరుగుతూ ఉండటం, అక్కడ కూడా ఆయనకి ఎడమ పక్క లేకపోవడం! ఎక్కడో కొందరు డాక్టర్లు ఇలాంటి రోగుల్ని వాళ్ళ ఊరి కూడలి గురించి ఇలాగే అడిగారని పుస్తకంలో చదివిందట మా ఆవిడ. చదివినప్పుడు తనూ నమ్మలేదట.

"మరి మీ కుర్చీ, మామయ్యా?" అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. "నా కుర్చీకేం?"

"మొదటిసారి మీ అబ్బాయి కుర్చీ చెప్పలేదు. సరే, మర్చిపోయారనుకుందాం. రెండోసారి మీ కుర్చీ చెప్పలేదు."

"చెప్పాను."

"చెప్పలేదు."

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కొళాయి, తొట్టి, బెంచీ, మావాడి కుర్చీ. అక్కడిదాకా వచ్చి ఆగిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. కంచంలో అన్నానికి, బాకా మామ మీసానికి ఎవరో ఒకరి మీద నెపం పెట్టాడు కానీ, దీనికి ఎవరి మీద పెడతాడు? షాపు ఆయన తలలోది. లోపల ఆయన తప్ప వేరే మనిషి లేడు.

"నా కుర్చీయే లేదు" అన్నాడు చివరికి.

అమ్మ భోజనానికి పిలిస్తే లేచి వెళ్ళాడు. ఆ సాయంత్రం మాత్రం, పక్కన స్టూలు మీద కూర్చున్న అమ్మని, "నువ్వు ఎప్పుడూ అటు పక్కన కదూ కూర్చునేదానివి?" అని అడిగాడట. ఇప్పుడు గుర్తొచ్చిందా మహానుభావుడికి అని అమ్మ నాకు చెబుతూ కొంగుతో మొహం కప్పుకుంది.

మర్నాడు ఆయన నాతో షాపుకి వచ్చి, కత్తి అడగలేదు. బుడగ తెమ్మన్నాడు.

బుడగలకి మా ఇంట్లో కొదవ లేదు, గుమ్మడి పుణ్యమా అని. ఊది, ముడివేసి, కుర్చీ తలగడ మీద కట్టాను. ఆయన నురగ పూసి దువ్వెన వీపుతో గీకాడు. కుడి సగం శుభ్రంగా వచ్చింది, అయిపోయిందన్నాడు. కాదన్నాను. "ఇటు వచ్చి నిలబడి చూడు నాన్నా" అని చెయ్యి పట్టుకుని బుడగకి అవతలికి తీసుకెళ్ళాను. కుర్చీ వెనక నిలబడితే లేని సగం, ముందుకొచ్చి నిలబడితే ఆయన కుడి చేతి పక్కకి వస్తుంది. దాన్ని చూసి ప్రతిసారీ అదే మొహం పెట్టేవాడు, మూసిన తలుపు తీస్తే లోపల ఎవరో కూర్చుని ఉన్నట్టు. చెబితే వెళ్ళేవాడు. చెప్పకపోతే వెళ్ళేవాడు కాదు. బుడగకి నోరు లేదు కదా, నేను ఇంకొకరి తల పనిలో పడి మర్చిపోతే సగం నురగతో అలాగే ఆరిపోయి ఉండేది.

అదే చిక్కు. ఆకలేస్తే అన్నం అడుగుతాం, దాహమైతే నీళ్ళు అడుగుతాం. లేదని తెలియనిదాన్ని మనిషి ఎలా అడుగుతాడు? డాక్టర్నీ అదే అడిగాను. తిరిగి చూడటం అలవాటు చెయ్యండి, కొందరికి పడుతుంది, కొందరికి పడదు అన్నాడు. తనంతట తనకి అలవాటు పడితే తప్ప మనిషి గొంతు మీద కత్తి పెట్టనివ్వకూడదని నేను నిశ్చయించుకున్నాను. ఆయనకి ఆ మాట చెప్పాను కూడా. "న్యాయమే" అన్నాడు. తిడితే బాగుండుననిపించింది.

మొదటి వానలు పడుతుండగా ఒకరోజు మా ఆవిడ గొడుగు కూడా లేకుండా పాపని చంకనేసుకుని షాపుకి వచ్చింది. గుమ్మడి తువ్వాలు లాగేసి గరిటె తీసుకుందట. మూడుసార్లు దాస్తే మూడుసార్లూ తీసిందట. బెంచీ మీద ఉన్నవాళ్ళకి అందులో వింతేమిటో అర్థం కాలేదు. మా నాన్న మాత్రం చేతిలో బ్రష్షు పక్కన పెట్టి, మనవరాలిని ఎత్తుకుని, "నీకెవరు చెప్పారే అక్కడుందని?" అని అడిగాడు. అది ఆయన ముక్కు పట్టుకుంది.

వాన వెలిసిన ఒక పొద్దున్న ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. మెడకి గుడ్డ కట్టుకుని, బీరువాలోంచి తీసి తెచ్చిన కత్తి ఆయన చేతికిచ్చాను. బెంచీ మీద బాకా మామ ఒక్కడే ఉన్నాడు. ముందు నేను కూర్చుంటానని ఆయన పట్టుపట్టాడు కానీ, మీ మొహానికి ఒకసారి జరిగిన మర్యాద చాలన్నాను.

నాన్న నా వెనక నిలబడ్డాడు. కుడి చెంపకి నురగ పూశాడు. కత్తి పటకా మీద ఆడించి, నా తల కొంచెం వాల్చి, మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ పని లేకపోయినా ఆ చెయ్యి ఏదీ మర్చిపోలేదు. చెవి పక్కనుంచి దవడ దాకా, దవడ నుంచి గొంతు దాకా, చర్మం సాగదీసే వేలికీ కత్తికీ మధ్య ఒక్క తప్పటడుగు లేదు. నా గొంతు ఆయన చేతిలో ఉంది, నాకు భయం వెయ్యలేదు. నా భయమంతా ఆ తర్వాత ఏమవుతుందోనని.

గడ్డం మధ్యకి వచ్చి కత్తి ఆగింది. తుడిచి మడిచాడు. అద్దంలో నా మొహం చూసి, తృప్తిగా తల పంకించాడు.

బాకా మామ నోరు తెరవబోయాడు. అద్దంలోంచే ఆయన్ని కళ్ళతో గద్దించాను. నేనూ ఊరుకున్నాను. చెబితే తిరుగుతాడని తెలుసు. చెప్పకపోతే ఏం చేస్తాడో చూడటానికే ఆ కుర్చీలో కూర్చున్నాను. అద్దంలో ఆయన కళ్ళు చూస్తున్నాను. వాటిలో అనుమానం లేదు. ఆయనకి అక్కడ పని పూర్తయిన ఒక నున్నటి మొహం ఉంది, అంతకంటే ఏమీ లేదు.

పటిక రాయి అందుకోవడానికి చెయ్యి చాపాడు. చెయ్యి మధ్యలో ఆగింది.

"ఒరేయ్" అన్నాడు. "ఇంకో పక్క ఉందా?"

"ఉంది నాన్నా."

మళ్ళీ అద్దంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాకేం కనపడటం లేదు."

"తెలుసు నాన్నా."

"నువ్వు ఉందంటే ఉన్నట్టే" అని, కత్తి విప్పి, కుర్చీ చుట్టూ నడిచి నా ముందుకి వచ్చాడు.

ముందుకొచ్చి వంగి, నా ఎడమ చెంప మీద అరచెయ్యి ఆనించి, గరుకుగా ఉన్న గడ్డాన్ని తడిమి చూశాడు. "ఉంది" అన్నాడు నెమ్మదిగా, బాకా మామతో. బాకా మామ జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. లోకంలో పెద్ద పెద్ద నమ్మకాల గురించి విన్నాను. తన రెండు కళ్ళూ, తన మనసూ ఒక్క గొంతుతో లేదు లేదు అంటుంటే, కొడుకు ఉందన్నాడని కత్తి పట్టుకుని అటు నడిచిన మనిషిని మాత్రం ఆ పొద్దున్నే చూశాను. ఆయన నా ఎడమ చెంపకి నురగ పూస్తుంటే అంతకంటే గొప్ప సంగతి నాకేదీ తోచలేదు.

ఆ వానాకాలం నుంచి మా షాపులో అదొక వాడుక అయిపోయింది. కుడి పక్క అయ్యాక ఆయన కత్తి తుడిచి, "ఇంకో పక్క ఉందా?" అని అడుగుతాడు. కుర్చీలో ఉన్నవాళ్ళు "ఉంది మాస్టారూ" అంటారు. బాకా మామ నిద్రలోనే అంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళు తెల్లమొహం వేస్తే వాళ్ళ తరఫున బెంచీ జవాబిస్తుంది. కంచం సంగతి, చొక్కా సంగతి నెమ్మదిగా చాలావరకు సర్దుకున్నాయి. పని ధ్యాసలో పడితే మాత్రం ఆ పక్క ఇప్పటికీ ఆయనకి ఉండదు. అడుగుతాడు, ఉందంటే నమ్ముతాడు, నడిచి వెళ్ళి వెతుక్కుంటాడు.

వాన పట్టి ఎవరూ రాని సాయంత్రాలు ఇద్దరం మా మా కుర్చీల దగ్గర ఊరికే ఉంటాం. ఆయన పటకా మీద కత్తి ఆడిస్తుంటాడు, నేను వీధి చూస్తుంటాను. ఆయనకి నేను ఎడమ పక్క. మాటా పలుకూ లేకుండా కాసేపయ్యాక, తల తిప్పకుండానే, తన మటుకు ఏమీ లేని ఆ వైపుకి అడుగుతాడు.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నాను నాన్నా" అంటాను.

"ఉండు" అని, మళ్ళీ కత్తి నూరుకుంటాడు.